బోర్డు చదవలేని చేపలు

మా పూతల కార్ఖానాలో కాలుష్యం గత ఏడేళ్ళలో తొమ్మిదిసార్లు తగ్గిందనీ, తగ్గించినవాడు మా బోర్డు పెయింటరేననీ తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను.

మాది కుళాయిలకు మెరుపు పూత వేసే కార్ఖానా. ఇత్తడి కుళాయి లోపలికి వస్తుంది. నికెల్ తొట్టిలో ఒక మునక, క్రోమియం తొట్టిలో ఒక మునక వేసి అద్దంలా మెరుస్తూ బయటికి వెళ్తుంది. దాన్ని కడిగిన నీళ్ళు కూడా బయటికే వెళ్తాయి. అవి మెరవవు, పసుపుపచ్చగా ఉంటాయి. ఆ నీళ్ళలో లీటరుకు ఎంత క్రోమియం ఉండవచ్చో ప్రభుత్వం ఒక అంకె చెబుతుంది. దాన్ని గేటు పక్కన బోర్డు మీద రాయించాలి. ఎడమ గడిలో 'ఉండదగినది', కుడి గడిలో 'ఉన్నది'.

నిబంధన మీరే మనుషులం కాదు మేము. ఉండదగినది రెండు అన్నప్పుడు మాది 1.7 అని రాయించాం. ప్రభుత్వం రెండును ఒకటి చేసింది. మా పెయింటరు నిచ్చెన వేసుకుని, మధ్యాహ్నం భోజనాల లోపు మా కాలుష్యాన్ని 0.8కి దించాడు. మరుసటి ఏడు ఉండదగినది ఏకంగా 0.1 అయింది. ఇంకో కార్ఖానా అయితే గుండె ఆగిపోయేది. మా పెయింటరు చుక్క తర్వాత ఒక సున్నా ఇరికించి, బ్రష్షు చెవి వెనక పెట్టుకుని దిగివచ్చాడు. ఒక్క సున్నాతో కాలుష్యాన్ని పదో వంతు చేసిన మనిషి భూమ్మీద ఇంకొకడుంటే నాకు మెసేజ్ పెట్టండి. అప్పటినుంచి అతను ముందుచూపుతో చుక్క తర్వాత నాలుగంగుళాల జాగా వదిలే రాస్తున్నాడు.

నేను అక్కడ స్టోరుకీపర్ని. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. కొత్త నిబంధన ఏదొచ్చినా అందరికంటే ముందు కార్ఖానా గ్రూపులో పెట్టేది నేనే కనుక, మా యజమాని, అంటే మేమందరం పెద్దాయన అనుకునే ఆయన, నన్ను 'నిబంధనల అనుసరణాధికారి'గా నియమించారు. జీతం మారలేదు గానీ కుర్చీకి చేతులొచ్చాయి.

ల్యాబులో ఉన్నది ఒకే ఒక్క కెమిస్టు. అందరం కెమిస్టమ్మ అంటాం. నిజంగా నీళ్ళు పరీక్ష చేసే దురలవాటు ఆమెకు ఉంది. బోర్డు మీది అంకెలకు సంతకం పెట్టమంటే పెట్టదు. కనుక ఆ సంతకం కూడా పెయింటరే వేస్తాడు. ఆమె కంటే అందంగా వేస్తాడు.

పోయినేడు నురగ మందు మీద కూడా నిబంధన వచ్చింది. క్రోమియం తొట్టిలోంచి ఘాటు ఆవిరి లేవకుండా పైన కాస్త నురగ మందు పోస్తాం. దాని అసలు పేరు బోర్డులో పట్టలేదు. "అన్నా, ఇది పూర్తిగా రాయాలంటే బోర్డైనా పెంచాలి, గోడైనా పెంచాలి," అన్నాడు పెయింటరు. ఈ మందు మట్టిలో పడినా, నీళ్ళలో పడినా, మనిషి రక్తంలో చేరినా ఎప్పటికీ నశించదట. ఈ సంగతి నేను సమావేశంలో చదివి వినిపించగానే పెద్దాయన లేచి నిలబడ్డారు.

"సోదరులారా! ఎప్పటికీ నశించని వస్తువు మన దగ్గర ఉందని సాక్షాత్తూ ప్రభుత్వమే ఒప్పుకుంది. మన పూతేమో మూడేళ్ళకే ఊడుతోందని కొన్నవాళ్ళు ఫోన్లు చేసి మరీ తిడుతున్నారు. ఈ మందునే పూతగా వేస్తే ఎలా ఉంటుందో మనమంతా ఆలోచించాలి!"

చప్పట్లు మారుమోగాయి. కెమిస్టమ్మ మాత్రం నుదురు పట్టుకుంది. తలనొప్పేమో అనుకున్నాం.

ఇలా హాయిగా సాగుతుండగా కొత్త తనిఖీ అధికారి వచ్చాడు. పాతాయన మర్యాదస్తుడు. స్కూటరు ఆపి బోర్డు చదివి, అంకెలు రాసుకుని, స్కూటరు దిగకుండానే వెళ్ళిపోయేవాడు. ఈయన బోర్డు వైపు కన్నెత్తి చూడలేదు. సరాసరి వెనక్కి వెళ్ళి, నీళ్ళు బయటికి పోయే గొట్టం ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అంకెలు మీరు రాసుకోండి సార్. నేను చేపల్ని అడుగుతా," అన్నాడు.

కొత్త నిబంధన అది. ఆ గొట్టం నీళ్ళు గాజు తొట్టిలో పోసి పది చేపల్ని వదలాలి. నాలుగు రోజులు చూడాలి.

"సోమవారం పదింటికి వస్తా. నీళ్ళు నేనే పట్టుకుంటా. మూతకి సీలు నేనే వేస్తా. శుక్రవారం పదింటికి లెక్కపెడతా. తొమ్మిది ఈదుతుంటే లైసెన్సు. ఎనిమిదే ఈదుతుంటే గేటుకి తాళం. అర్థమైందా అండీ?"

అందరికీ అర్థమైంది. మా కార్ఖానాలో పనిచేసేది అరవై రెండు మంది. పాలిషింగ్ చక్రం దగ్గర పనిచేసే మా పాలిషర్ నా కుర్చీ చెయ్యి పట్టుకుని వదల్లేదు. "బాబాయ్, మా ఆవిడకి ఎనిమిదో నెల. ఇప్పుడు తాళం అంటే నేనేమైపోవాలి? నువ్వే ఏదో ఒకటి చూడు," అన్నాడు. నిచ్చెన మీంచి దిగిన పెయింటరు మొహం పాలిపోయింది.

"అన్నా, చేపలకి చదువు రాదు కదా," అన్నాడు.

ఏడేళ్ళలో మొదటిసారి మా కాలుష్య నియంత్రణ విభాగం చేతులెత్తేసింది.

ముందుగా ఒక చేపను కొనితెచ్చి మా గొట్టం నీళ్ళలో వేసి చూశాం. నలభై నిమిషాలు ఉద్యోగం చేసింది. పెద్దాయన ఏమాత్రం నిరుత్సాహపడలేదు. "కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. నా మొదటిరోజు నేను ఏడ్చాను. మనక్కావలసింది పూర్వానుభవం గల చేపలు," అన్నారు. మా నీళ్ళకు అలవాటుపడ్డ చేపలు మా కాలువలోనే ఉండాలి కనుక, వల పట్టుకుని కాలువ వెంట మూడు కిలోమీటర్లు నడిచాను. చేప లేదు, కప్ప లేదు, దోమ కూడా వాలలేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ దొరికింది. అనుభవజ్ఞుల కొరత అన్ని రంగాల్లోనూ ఉంది.

అప్పుడు కెమిస్టమ్మ నా దగ్గరికి వచ్చింది.

"బాబాయ్ గారూ, దీనికింత హడావుడి దేనికండీ? వెనక శుద్ధి తొట్టి ఉంది కదా. నీళ్ళు అందులోకి మళ్ళించి, విరుగుడు మందు వేసి, సున్నం కలిపి, ఒక రోజు తేరనిచ్చి బొగ్గులో వడకడితే చాలు. చేపలు హాయిగా బతుకుతాయి. నాలుగు రోజులు పని ఆపితే అన్నీ సర్దెయ్యొచ్చు."

ఆ తొట్టి ఉన్నమాట నిజమే. ఏడేళ్ళ కిందట రిబ్బను కత్తిరించి ప్రారంభించాం. ప్రారంభమైన సాయంత్రం నుంచి అందులో పెద్దాయన ఇంటి పాత సోఫా సెట్టు ఉంటోంది. నేను వెళ్ళి ఆమె మాట చెప్పగానే ఆయన నొచ్చుకున్నారు. "మురుగు నీళ్ళ కోసం సోఫా బయట పెట్టమంటావా? వానొస్తే?"

కనుక మత్స్య సంరక్షణ ఉపసంఘం వేశారు. నేను అధ్యక్షుణ్ణి. పెద్దాయన ఉపసంఘాన్ని ఉద్దేశించి ప్రసంగిస్తూ, "చేప బతకాలంటే ఏం కావాలి? మంచినీళ్ళు. మంచినీళ్ళు ఎక్కడుంటాయి? కుళాయిలో. ఈ ఊళ్ళో కుళాయిలు తయారు చేసేది ఎవరు? మనం! ఇంత దగ్గరున్న పరిష్కారం ఒక్కడికీ తట్టలేదే!" అన్నారు. ఆదివారం ప్లంబరు వచ్చి, ఊరి మంచినీటి గొట్టాన్ని గోడ వెనకనుంచి తెచ్చి మా మురుగు గొట్టానికి కలిపాడు. బయటినుంచి చూస్తే మురుగు గొట్టం. తిప్పితే మంచినీళ్ళు. పరిశ్రమల చరిత్రలో మురుగును ఇంత తక్కువ సమయంలో శుద్ధి చేసినవాళ్ళు లేరు.

కెమిస్టమ్మ మాత్రం స్టోరుకు వచ్చి అరబస్తా సున్నం, కాస్త విరుగుడు మందు, ఒక ఖాళీ డ్రమ్ము అడిగింది. ఇచ్చాను. మా అసలు మురుగు నీళ్ళు ఆ డ్రమ్ములో పోసి ఏదో కలుపుతూ, తేరుస్తూ, వడకడుతూ కూర్చుంది. సోమవారానికల్లా అందులో ఆమె కూడా పది చేపల్ని వదిలింది. ఎవరి సరదా వాళ్ళది.

సోమవారం పదింటికి అధికారి వచ్చాడు. గొట్టం తిప్పి తొట్టి నింపుకున్నాడు. నీళ్ళు గాజులా ఉన్నాయి. ఆయన మొహంలో కొద్దిగా అనుమానం, మా మొహాల్లో బోలెడంత వినయం. పది చేపల్ని వదిలి, గాలి గొట్టం పెట్టి, మూతకు లక్క సీలు వేసి వెళ్ళాడు. ఆ తొట్టి ముందు నిలబడి తీయించుకున్న ఫోటో గ్రూపులో పెడితే యాభై నాలుగు దండాలొచ్చాయి.

మంగళవారం పొద్దున ఒక చేప పక్కకు ఒరిగి కనిపించింది. "నిద్రపోతోంది, ఎవరూ మాట్లాడకండి," అన్నారు పెద్దాయన. ఫ్యాను కూడా ఆపించారు. సాయంత్రానికి దాని పక్కన ఇంకొకటి నిద్రపోయింది. బుధవారానికి నలుగురు నిద్రపోయారు. కార్ఖానాలో యంత్రాలు తిరుగుతున్నాయి గానీ పనిచేసేవాళ్ళు లేరు. అందరూ తొట్టి చుట్టూ ఉన్నారు. ఒక్కొక్కరూ ఒక్కో చేప మీద ఆశ పెట్టుకున్నారు. మా పాలిషర్ తోక చిరిగినదాన్ని ఎంచుకున్నాడు.

"అదిగో బాబాయ్, తిరిగింది! ఇటు తిరిగింది!"

"అది తిరగలేదురా, నీళ్ళు తిప్పాయి," అన్నాడు పెయింటరు.

"నోర్ముయ్ రా. నీ నోటికి మంచిమాట రాదు కదా."

పెద్దాయన ప్లంబరును పిలిపించి నిలదీశారు. "నిజం చెప్పు. ఏ గొట్టం కలిపావు?"

"ఊరి మంచినీళ్ళదే సార్. ఒట్టు. మా ఇంట్లోనూ అవే నీళ్ళు. కావాలంటే తాగి చూపిస్తా."

గ్లాసుడు గటగటా తాగాడు కూడా. అతనికేం కాలేదు. మనిషిని తొట్టిలో వేసి, సీలు వేసి, లెక్కపెట్టే పద్ధతి ఇంకా రాలేదు కదా.

గురువారం ఏడుగురు నిద్రపోయేసరికి కెమిస్టమ్మ ఆ మంచినీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి పరీక్ష చేసింది. కాగితం తెచ్చి పెద్దాయన బల్ల మీద పెట్టింది. అందులో క్రోమియం ఉంది, నికెల్ ఉంది, పేరు బోర్డులో పట్టని మన నురగ మందు ఉంది.

"ఊరి నీళ్ళలోకి మనవి ఎలా వెళ్ళాయమ్మా?" అనడిగాను.

"నడిచి వెళ్ళాయి బాబాయ్ గారూ. ఏళ్ళ తరబడి వెళ్తున్నాయి," అంది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. మా నీరు పల్లం ఎరిగింది. పల్లంలో ఉన్న ఊరి బావిని ఎరిగింది. బావిలోంచి ఎత్తు ట్యాంకుని, ట్యాంకులోంచి వీధి వీధినీ ఇల్లిల్లునూ ఎరిగింది. ఊళ్ళో ప్రతి కుళాయికీ పైన మా పూత, లోపల మా నీళ్ళు. ఆ కాగితాన్ని పెద్దాయన రెండుసార్లు చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అంటే ఊరు ఊరంతా మన ఖాతాదారులే అన్నమాట," అన్నారు. ఆయన గొంతులో భయం ఎంతో, గర్వం ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

శుక్రవారం పదింటికి అధికారి తాళం చేత్తో పట్టుకునే వచ్చాడు. సీలు విప్పి లెక్కపెట్టాడు. ఈదుతున్నవి మూడు. అందులో తోక చిరిగినది ఒకటి. పాలిషర్ దానికేసి చూస్తున్నాడే గానీ, పాపం, మూడు ఎప్పటికీ తొమ్మిది కాదని అతనికీ తెలుసు. అధికారి తాళంలో చెవి పెట్టి తిప్పి చూసుకుంటుండగా పెద్దాయన ముందుకొచ్చారు.

"అయ్యా! వేరే దారి లేదు కనుక సత్యమే చెబుతాను. ఇవి మా నీళ్ళు కావు. గోడ వెనకనుంచి తెచ్చిన ఊరి మంచినీళ్ళు. అన్నెం పున్నెం ఎరగని మా మురుగు మీద ఏడు హత్యలు మోపడం న్యాయమా? ఈ చేపల్ని చంపింది స్వచ్ఛమైన తాగునీరని సభాముఖంగా మనవి చేస్తున్నాను!"

అధికారి పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఆయన ఇల్లు కూడా ఊళ్ళోనే. అదే సమయంలో కెమిస్టమ్మ తన పరీక్ష కాగితమూ, డ్రమ్ములోంచి తోడి తెచ్చిన బకెట్టూ ఆయన ముందు పెట్టింది. బకెట్టులో పదికి పది చేపలు గిరగిరా తిరుగుతున్నాయి.

"ఇవీ మా అసలు మురుగు నీళ్ళు సార్. శుద్ధి చేశాను. నాలుగు రోజులైంది."

పెద్దాయన మనసు గాయపడింది. "మన నీళ్ళలో చేపలు బతకడమేంటమ్మా, అర్థం లేకుండా?"

అధికారి బకెట్టులోకి చాలాసేపు చూశాడు. "దీనికి సీలు ఉందా?" అన్నాడు.

"లేదు సార్."

"సీలు లేని చేప బతికినా బతికినట్టు కాదమ్మా. నేనేం చెయ్యను చెప్పు?"

తర్వాత కాగితం తీసి, చెమట తుడుచుకుంటూ రాసిన నివేదిక మా నోటీసు బోర్డులో ఇప్పటికీ ఉంది: 'తొట్టిలోని జలము పారిశ్రామిక వ్యర్థజలము కాదనియు, ప్రజలు నిత్యము సేవించు మంచినీరనియు యజమాని వాంగ్మూలము వలన రుజువైనందున, ఏడు చేపల మరణము ఈ శాఖ పరిధిలోనికి రాదని తేల్చడమైనది. తాగునీటికి చేపల పరీక్ష నిర్దేశింపబడలేదు. గొట్టము కలిపిన విషయము వేరొక శాఖకు చెందినది. తదుపరి పరీక్ష ఆరు నెలల తర్వాత. అంతవరకు లైసెన్సు కొనసాగును.'

కార్ఖానా కప్పు ఎగిరిపోయేలా కేకలు వేశాం. పాలిషర్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. అధికారి నోరెండిపోయి మంచినీళ్ళడిగాడు. గ్లాసు తెచ్చిస్తే పెదవి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు.

"కుళాయివా, క్యాన్‌వా?"

"క్యాన్‌వే సార్."

అప్పుడు తాగాడు.

కెమిస్టమ్మ ఉండేది మా వీధిలోనే, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. తన పది చేపల్ని ఇంటికి తీసుకెళ్ళి కిటికీలో గాజు తొట్టిలో పెట్టింది. వాటికోసం రోజూ సాయంత్రం కార్ఖానాలో డ్రమ్ములో శుద్ధి చేసిన మురుగు నీళ్ళు ఒక క్యాన్ మోసుకెళ్తుంది. మూడో రోజునుంచి పాలిషర్ కూడా ఒక క్యాన్ పట్టుకుని డ్రమ్ము దగ్గర నిలబడుతున్నాడు. "నీ ఇంట్లో చేపలెక్కడివిరా?" అంటే తల గోక్కుని, "లేవు బాబాయ్. ఆవిడకి..." అని ఊరుకున్నాడు.

కిటికీలో చేపల్ని చూసి వీధిలో పిల్లలంతా మాకూ కావాలని మారాం చేశారు. తల్లిదండ్రులు కొనిపెట్టారు, ఇంటి కుళాయి నీళ్ళలో వేశారు. నాలుగు రోజుల్లో వీధి వీధంతా చేపల చావు, పిల్లల ఏడుపు. అందరూ నా మీద పడ్డారు, అనుసరణాధికారిని కదా. నేను దాచలేదు. కెమిస్టమ్మ కాగితం ఫోటో తీసి వీధి గ్రూపులో పెట్టి, మన కుళాయిల్లో ఏముందో ఉన్నదున్నట్టు రాశాను. నూట పది దండాలొచ్చాయి. ఒకాయన 'చక్కటి సమాచారం' అన్నాడు. ఒకావిడ ఆ చేపలు ఏ కొట్లో కొన్నారో, బేరం ఆడనిస్తారో లేదో కనుక్కుంది.

మా ఆవిడ మాత్రం బిందె పట్టుకుని నా ముందు నిలబడింది. "ఏమండీ, ఆ అమ్మాయి తెచ్చుకునే క్యాన్ మనక్కూడా ఒకటి తెమ్మనకూడదూ?"

"అవి మురుగు నీళ్ళే!"

"అయితే ఏమైంది? అందులో పది ప్రాణాలు తిరుగుతున్నాయి. మన కుళాయి మంచినీళ్ళలో ఒక్కటైనా తిరిగిందా?"

ఆదివారం పొద్దున వీధి సంక్షేమ సంఘం అత్యవసర సమావేశం జరిగింది. ఇల్లు కొనడానికి వచ్చిన ఒకాయన చచ్చిన చేపల కథ విని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడట. అధ్యక్షుడు గంభీరంగా లేచాడు. "పరిస్థితి చెయ్యి దాటకముందే మనం మేలుకోవాలి. మన వీధి పరువుని కాపాడుకోవాలి," అని తీర్మానం చదివాడు: 'చేపల మూలంగా మన నీళ్ళకు చెడ్డపేరు వచ్చుచున్నందున, ఇకమీదట ఈ వీధిలో ఎవరునూ చేపలు పెంచరాదు.'

కెమిస్టమ్మ లేచి నిలబడింది. "మార్చాల్సింది చేపల్ని కాదండీ, నీళ్ళని. అందరం కలిసి వెళ్ళి కార్ఖానాలో ఆ శుద్ధి తొట్టి నడిపించమని అడుగుదాం."

అధ్యక్షుడు ఆమెకేసి జాలిగా చూశాడు. "అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. చేపల్ని తియ్యడం ఐదు నిమిషాల పని. నీళ్ళు మార్చడం ఎన్నేళ్ళ పని? మనం కాస్త ప్రాక్టికల్‌గా ఉండాలి."

మాట నిజమే కదా. తీర్మానం ఏకగ్రీవమైంది. అంటే ఆమె తప్ప అందరం సంతకం పెట్టాం. మొదటి సంతకం నాదే. సాయంత్రానికి ఆమె తన పది చేపల్నీ బకెట్టులో పెట్టుకుని తిరిగి కార్ఖానాకు మోసుకెళ్ళింది. ఆరోజునుంచి మా వీధిలో ఒక్క చేప కూడా చచ్చిపోలేదని, నీళ్ళ మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదని సగర్వంగా మనవి చేస్తున్నాను.

ఇది చదివి మా వీధివాళ్ళను చూసి నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వండి, ఆరోగ్యానికి మంచిది. ఇంతకీ మీ ఇంట్లో చేపల తొట్టి ఉందా? లేదు కదా. అయితే మీరూ సంతకం పెట్టినట్టే.